విమానాలకు కవర్లు కుట్టిన చలికాలం

హుజూరాబాద్‌లో మాది టెంట్ హౌస్. పెళ్లిళ్లకు, చావులకు, మీటింగులకు షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు కిరాయికి ఇస్తాం. గుంజలు పాతడం, బండి నడపడం మా ఆయన పని. చిరిగిన గుడ్డ కుట్టడం నా పని. దుకాణంలో వెనక మూలన నా కుట్టుమిషను ఉంటుంది. షామియానాలతో పాటు ట్రాక్టర్ సీట్లకు, జనరేటర్లకు, చెరుకు రసం మిషన్లకు కవర్లు కూడా కుడుతుంటాను. క్రిస్మస్ దగ్గరపడితే మా మిషన్ చర్చిలో పాటలు పాడే పిల్లలకు తెల్ల గౌన్లు కుడతాను. అంతకు మించి నా కుట్టుకు ఊళ్లో పెద్ద పేరేమీ లేదు.

కొన్నేళ్ల కిందట, వానలు వెనకబట్టి పత్తి ఏరడం మొదలైన రోజుల్లో, అరవై దాటిన ఒక పెద్దమనిషి మా దుకాణం ముందు కారు ఆపి దిగాడు. బయట పెట్టిన జనరేటర్ కవర్‌ను చేత్తో తిరగేసి లోపలి కుట్లు కూడా చూశాడు.

"గిది ఎవరు కుట్టిన్రు?"

"నేనే సార్."

"మంచిగున్నది చెల్లె. మూలలకాడ రెండు కుట్లు వేసినవ్. గిసొంటివి నాకు నాలుగు కావాలె. కాకపోతే జర పెద్దయి."

"జనరేటర్ ఎంతది సార్?"

"జనరేటర్ కాదు. విమానం."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. కుర్చీలు పేరుస్తున్న మా ఆయన పని వదిలేసి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

ఆ సారు శ్రీరాంపూర్‌లో ఉంటాడట. బొగ్గుబాయిల్లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ఆ వయసులో విమానం నడపడం నేర్చుకున్నాడు. పెద్ద విమానాలు కాదు, ఇద్దరు కూర్చునే చిన్నవి. తనలాంటి వాళ్లు ఏడెనిమిది మంది కలిసి, ఏటా చలికాలంలో నాలుగు విమానాలు వేసుకుని తిరుగుతారట. ఎక్కడైనా గట్టి నేల, అనుమతి దొరికితే అక్కడ దిగడం, రెక్క పక్కన డేరా వేసుకోవడం, వండుకు తినడం, రెండు రోజులుండి మరో చోటికి ఎగిరిపోవడం. ఇప్పటిదాకా వేరే రాష్ట్రాల్లో తిరిగారు. ఈసారి తన ఇలాకా, కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా, దోస్తులకు చూపించాలని ఆయన కోరిక.

"రాత్రి మంచు పడ్తది, దుమ్ము పడ్తది. అద్దాల మీద, ఇంజన్ మీద కప్పెటందుకు కవర్లు కావాలె. కొలతలు రాసుకొచ్చిన" అని కాగితం తీశాడు.

నేను కాగితం తీసుకోలేదు. "జాకెట్ కుట్టాలన్నా మనిషిని చూడంది కొలత తియ్య సార్. విమానం యాడున్నదో చెప్పున్రి, వస్త" అన్నాను.

ఆ ఆదివారం చర్చి అయిపోగానే నేనూ మా ఆయనా బండి మీద పోయాం. కరీంనగర్ దాటి చాలా దూరం పోతే, ఎప్పుడో ఎవరి అవసరానికో వేసి వదిలేసిన పాత రన్‌వే ఒకటి ఉంది. దాని చివర ఒక తెల్ల విమానం కనిపించింది. నేను అనుకున్న దాంట్లో సగం కూడా లేదు. ఇద్దరు మనుషులు చేతులతో నెట్టుకుంటూ పోతున్నారు. రెక్క మీద వేలితో తడితే కొత్త డ్రమ్ము మోగినట్టు మోగింది. దానికీ గుడ్డే తొడిగారని తెలిసి నాకు ధైర్యం వచ్చింది. గుడ్డ అయితే నాకు తెలుసు.

టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. జడ మడిచి క్లిప్పు పెట్టుకుంది. ఆ విమానం ఆమె నడిపేదే, మరో ఇద్దరితో కలిసి కొనుక్కున్నదట. హైదరాబాద్‌లో ఉద్యోగం. పుట్టింది మాత్రం బొగ్గుబాయిల క్వార్టర్లలోనే. వాళ్ల తాత ఎక్కడో ఉత్తరాది నుంచి బాయి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. పిల్ల మాట మాత్రం మా మాటే.

"అక్కా, ముక్కుకాడ జర వదులు పెట్టు. గాలి ఆడకుంటే లోపట చెమ్మ పడ్తది" అంది.

"ముక్కు దగ్గర వదులు, నడుం దగ్గర బిగువు. గంతే గద బిడ్డా?" అన్నాను. ఆమె పకపక నవ్వింది. ఆ రోజు నుంచే మాకు స్నేహం కుదిరింది.

రెక్క కింద వేలంత లావున్న ఒక గొట్టం ముందుకు పొడుచుకుని ఉంది. అదేంటని అడిగాను. ఎగిరేటప్పుడు దాంట్లోకి గాలి కొడుతుందని, దాన్ని బట్టి లోపల ముల్లు కదిలి వేగం చూపిస్తుందని సారు చెప్పాడు. ఊరికే వదిలేస్తే కందిరీగలు లోపల మట్టి గూడు పెడతాయట. అందుకని నేల మీద ఉన్నప్పుడు దానికొక చిన్న టోపీ తొడగాలి.

"గా టోపీకి మూరెడు ఎర్ర రిబ్బన్ వేలాడాలె చెల్లె. దూరంకెల్లి కనబడాలె. ఎగిరే ముందు తీసుడు మరిచిపోవద్దు" అన్నాడు.

వానకోటు గుడ్డ లాంటి బూడిద రంగు గుడ్డ తెప్పించి కుట్టాను. అద్దానికి గీతలు పడకుండా లోపల చంటిపిల్లల బట్టలకు వాడే మెత్తటి గుడ్డ వేశాను. నాలుగు టోపీలకూ ఎర్ర రిబ్బన్లు వేశాను. సరుకు తీసుకోవడానికి వచ్చిన సారు అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకో మాట అడిగాడు. డేరాలు, గిన్నెలు, పరుపులు బండిలో వేసుకుని మేమిద్దరం వాళ్లతో నాలుగు రోజులు రావాలట. వాళ్లు పైన పోతుంటే మేము రోడ్డు మీద పోవాలి. వంట నాది. నేను ఆలోచిస్తుండగానే మా ఆయన ఒప్పేసుకున్నాడు. జీవితంలో మొదటిసారి పెళ్లి కాని దానికి, చావు కాని దానికి, మీటింగు కాని దానికి డేరాలు వేయబోతున్నానని ఆయన సంబరం.

మొదటి రాత్రి ఆ పాత రన్‌వే దగ్గరే ఉన్నాం. మర్నాడు మేము చీకటితోనే లేచి బయల్దేరాం. జగిత్యాల దాటి, నిర్మల్ ఘాట్ ఎక్కి ఇచ్చోడ వైపు పోయేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. మేము దిగాల్సిన చోటు రోడ్డుకు లోపల, గుట్ట మీద సాపుగా ఉన్న మొరం నేల. కలెక్టరాఫీసు నుంచి, పోలీసుల నుంచి సారు ముందే కాగితాలు తెచ్చుకున్నాడు. నేల ఆసామి ఒక ముసలి రైతు. తెల్ల టోపీ, భుజం మీద గొంగడి. గడ్డి కోయించి, ఎడ్లతో మొద్దు లాగించి, రాళ్లన్నీ ఏరి అంచుకు వేయించాడు.

"ఏం బాయి, నా పొలంల విమానాలు దిగుతయంటే మా ఊరోళ్లు నమ్ముత లేరు. దిగుతయి గద?" అని నన్నే అడిగాడు. ఆ దిక్కు ఆడవాళ్లను బాయి అనే పిలుస్తారు.

"దిగుతయి కాకా. నేనే బట్టలు కుట్టిన వాటికి" అన్నాను.

మేము డేరాల గుంజలు పాతుతుంటే తుమ్మెద రొద లాంటి చప్పుడు వినిపించింది. ఒకదాని వెనక ఒకటి నాలుగూ దిగాయి. అమ్మాయిది మూడోది. చక్రాలు తాకినప్పుడు ఎర్రటి దుమ్ము కొంచెం లేచింది, అంతే. ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టింది. ముసలాయన తన టోపీ తీసి చేత్తో పట్టుకుని, దిగిన ప్రతి ఒక్కరికీ ఎదురుపోయి దండం పెట్టాడు.

ఆ సాయంత్రం ఈదురుగాలి లేచింది. డేరాల తాళ్లు బిగించడంలో అందరం హడావిడి పడ్డాం. గాలి ఆగాక చూస్తే అమ్మాయి విమానం గొట్టానికున్న టోపీ లేదు. రిబ్బన్‌ను గాలి గుంజి ఎటో ఎత్తుకుపోయింది. ఇద్దరం గడ్డిలో వెతికాం, దొరకలేదు.

"పోతే పోయిందక్కా, ఒక్క రాత్రికి ఏం కాదు" అని ఆమె స్నానానికి పోయింది.

నాకు మనసొప్పలేదు. నా కుట్టు గాలికి ఊడిందంటే నామోషీగా అనిపించింది. సంచిలో బూడిద రంగు ముక్క మిగిలి ఉంది. పొద్దు గూకే లోపల చేతికుట్టుతో ఇంకో టోపీ కుట్టేశాను. ఈసారి మెడ దగ్గర బిగువుగా లాస్టిక్ వేశాను. ఎర్ర రిబ్బన్ మాత్రం దుకాణంలోనే ఉండిపోయింది. రేపు ఊళ్లో అడిగి తెచ్చి కుడదాంలే అనుకున్నాను. పోయి గొట్టానికి తొడిగి వచ్చాను. విమానం పైన తెలుపే గానీ రెక్క కింద బూడిద రంగు, టోపీ రంగూ అదే. చక్కగా కలిసిపోయిందని నాలో నేను మెచ్చుకున్నాను కూడా. అప్పుడే అన్నం ఉడుకు పట్టి పొంగుతోందని మా ఆయన పిలిచాడు. పొయ్యి దగ్గరికి పోయాను. టోపీ పెట్టానని ఎవరికీ చెప్పలేదు.

తెల్లారి అందరూ కుంతాల జలపాతం మీదుగా ఓ చుట్టు తిరిగి రావాలని అనుకున్నారు. బడిపిల్లలు, ఆడవాళ్లు, మగవాళ్లు అప్పటికే గట్టు మీదికి చేరారు. అమ్మాయి తన విమానం చుట్టూ తిరిగి చూసుకుంటుంటే పిల్లలు ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఆమె ఒక్కొక్కరికీ జవాబు చెబుతూనే చక్రాలు చూసింది, నూనె చూసింది, రెక్కలు కదిపి చూసింది. టోపీ నిన్ననే పోయింది కనుక దాన్ని వెతకలేదు. ఒంటరిగా ఎక్కి అందరికన్నా ముందు లేచింది. సారు తన విమానంలో కూర్చుని ఇంజన్ వేసి వెనక సిద్ధంగా ఉన్నాడు.

మా ఆయన దగ్గర సారు ఇచ్చిన చేతిరేడియో ఒకటి ఉంది. అందులో అమ్మాయి గొంతు వినిపించింది.

"సార్, స్పీడు ముల్లు లేస్తలేదు. సున్నా మీదనే ఉన్నది."

"విమానం మంచిగ పోతున్నదా?"

"పోతున్నది సార్. కాని వేగం ఎంతున్నదో తెలుస్తలేదు."

"ముక్కు పైకి లేపకు. ఇంజన్ ఎట్లున్నదో గట్లనే ఉంచు. పైననే గుండ్రంగ తిరుగు. పరేషాన్ కాకు."

నేను ఇడ్లీలు తీస్తున్నాను. ఆ మాటలు నాకు సగమే అర్థమయ్యాయి. 'స్పీడు ముల్లు' అన్నది మాత్రం చెవిలో పడింది. గొట్టం, గాలి, ముల్లు. సారు చెప్పిందంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. టోపీలు వేసే డబ్బా దగ్గరికి ఉరికాను. ఎర్ర రిబ్బన్లవి మూడు ఉన్నాయి. నిన్న కుట్టిన, రిబ్బన్ లేనిది లేదు.

ఒక్క క్షణం, చెప్పకపోతే ఎవరికీ తెలియదు కదా అని కూడా అనిపించింది. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది, అయినా అనిపించిన మాట నిజం. ఆ అమ్మాయి పైన ఒక్కతే ఉంది. రేడియో మా ఆయన చేతిలోంచి లాక్కున్నాను. ఏ బటన్ నొక్కాలో ఆయనే చూపించాడు.

"సార్, తప్పు నాదే. నిన్న టోపీ పోతే కొత్తది కుట్టి నేనే పెట్టిన. ఎవరికి చెప్పలే. ఎర్ర రిబ్బన్ లేదు దానికి. గది గొట్టానికే ఉన్నది సార్."

తర్వాత సారు అన్నాడు, "మంచిగ చెప్పినవ్ చెల్లె. బిడ్డా, విన్నవా? ఇంజన్ మంచిగున్నది, రెక్కలు మంచిగున్నయి. ఒక్క ముల్లే గుడ్డిది. నేనొస్తున్న, నా ముల్లు చూసి నీకు చెప్త."

ఆయన విమానం లేచింది. నేను బండి రేకు మీద చెయ్యి ఆనించి ప్రార్థన చేశాను. ఏ మాటలతో చేశానో నాకే తెలియదు. పైన రెండు విమానాలూ కొంచెం ఎడంగా, పక్కపక్కన చేరాయి. రేడియోలో సారు గొంతు తీరికగా, బడిలో ఎక్కం చెప్పించినట్టు వినిపిస్తోంది.

"నాకు కొంచెం ఎడంగనే ఉండు. ఇప్పుడు మనది నూటపది. జర ఇంజన్ తగ్గించు. నూరు. మంచిగున్నది. గీ చప్పుడు యాదికి పెట్టుకో. తొంభై. నేల దిక్కు చూడు, నా దిక్కు కాదు."

రెండూ కలిసి కిందికి వచ్చాయి. నేల దగ్గరయ్యేసరికి సారు విమానం రొద పెంచి పైకి లేచిపోయింది. అమ్మాయిది ఒక్కటే దిగింది. చక్రాలు ఒకసారి తాకి ఎగిరి, మళ్లీ తాకి, అలాగే పోయి చివరన ఆగింది. గట్టు మీది జనానికి ఏం జరిగిందో తెలియదు. మళ్లీ చప్పట్లు కొట్టారు.

నేను ఉరికాను. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియదు. నేను పోయేసరికి అమ్మాయి దిగి, టోపీని చేతిలో పట్టుకుని రెక్క కింద కూర్చుని ఉంది. నేను పక్కన కూలబడి ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"నువ్వు చెప్పుడు మరిచినవ్. నేను చూసుడు మరిచిన. చూసుడు నా పని అక్కా" అంది.

ముసలాయన చాయ్ పట్టుకుని వచ్చాడు. ఆయనకు సంగతి అర్థమైనట్టుంది. "పిల్ల మంచిగనే దింపింది గద. తాగుర్రి బాయి, చల్లారిపోతది" అని ఇద్దరి చేతుల్లో గ్లాసులు పెట్టి, తానూ గొంగడి పరుచుకుని అక్కడే కూర్చున్నాడు.

ఆ రోజు ఇక ఎవరూ ఎగరలేదు. సాయంత్రం సారు అందరినీ పిలిచాడు. నేను వెనక నిలబడితే ముందుకు పిలిచి కుర్చీ వేయించాడు. తిడతాడనుకున్నాను. ఆయన తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. జరిగింది మొదటి నుంచి నాతో, ఆ తర్వాత అమ్మాయితో చెప్పించాడు. గాలి, పోయిన టోపీ, మిగిలిన గుడ్డ ముక్క, పొంగిన అన్నం, బడిపిల్లలు, అన్నీ.

"బొగ్గుబాయిల ఎవడన్న తప్పు చేసి చెప్పకుంటే నాకు భయమయ్యేది. చెప్తే భయం లేకుండె, ఏం చెయ్యాలో తెలిసేది" అన్నాడు. "పొద్దున ఈ చెల్లె చెప్పకుంటే నేను ఇంజన్‌ను అనుమానించేటోన్ని, పిల్లను ఏ చెల్కలనో, పత్తి చేన్లనో దిగుమనేటోన్ని. ఇగ రేపటి సంది, విమానానికి ఎవరు ఏం తొడిగినా నడిపేటోల్లకు ఎదురుంగ నిలబడి చెప్పాలె. నడిపేటోల్లు ఎక్కే ముందు చేత్తోని ముట్టి చూడాలె. గంతే."

మిగిలినవాళ్లు తలూపారు. వాళ్లలో ఒకాయన, తానొకసారి చక్రానికి అడ్డంగా పెట్టిన రాయి తీయకుండా ఇంజన్ పెంచి విమానం కదలక తన్నుకున్నానని చెప్పాడు. అందరూ నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. "రేపు నేను బండిల వస్త సార్. నా విమానం ఇంకెవరన్న తెస్తరు" అని లేచిపోయింది.

మర్నాడు పొద్దున గిన్నెలు తోముతుంటే వచ్చి నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఒక గిన్నె అందుకుంది.

"అక్కా, నిన్న ముల్లు లేవకపోయేసరికి ఏం పోయిందో ఏమో అని ఆగమైన. నువ్వు చెప్పినంక పానం కుదురుకున్నది."

"నేను పెట్టకుంటే గా తిప్పలే లేకుండె గద బిడ్డా."

"అదీ నిజమే" అంది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. చేతులకు బూడిదతో, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాం.

"మరి బండిల ఎందుకొస్తవ్? మా బండిల ముందు సీటు మస్తు ఇరుకు" అన్నాను.

ఆమె గిన్నె బోర్లించింది. "దిగుతుంటే నా చేతుల మీద నాకు నమ్మకం లేకుండె అక్కా" అంది. మిషను మీద సూది ఒకసారి వేలిలో దిగితే వారం దాకా పెడలు తొక్కలేకపోయానని, తర్వాత తొక్కానని చెప్పాను. అది పెద్ద ధైర్యమూ కాదు, పోలికా కాదు. ఆమె మాత్రం వేలు చూపించమని అడిగి, గోటి మీది మచ్చను చూసింది.

కాసేపటికి తానే సారు దగ్గరికి పోయింది. సారు ఆమె పక్క సీట్లో కూర్చున్నాడు. రెండుసార్లు లేచి, చుట్టు తిరిగి దిగారు. రెండోసారి చక్రాలు ఎప్పుడు తాకాయో నాకు తెలియనే లేదు. సారు దిగి తన విమానం వైపు పోయాడు.

అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "పక్క సీటు ఖాళీగున్నది. సార్ సరే అన్నడు. వస్తవా అక్కా?"

నన్ను ఓదార్చడానికి అడుగుతోందేమో అనుకున్నాను మొదట. ముఖం చూస్తే అలా లేదు. నేను కాదంటే ఏమనుకుంటుందోనని చూస్తున్నట్టుంది. "వస్త" అన్నాను.

మా ఆయన తాళ్లు చుట్టడం ఆపి అరిచాడు. "బస్సుల కిటికి పక్కన కూసుంటెనే వాంతి చేసుకుంటవ్. విమానం ఎక్కుతవానే?"

"ఒక కవర్ ఇయ్యి మరి" అన్నాను. నిజంగానే రెండు ఇచ్చాడు.

సారు నా బరువు అడిగాడు. మగవాళ్లందరి ముందు చెప్పలేక ఐదు కిలోలు తగ్గించి చెప్పాను. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి వచ్చి అసలుది చెప్పాను. ఆయన రాసుకుని, "గిది మంచి పని" అన్నాడు.

ఎక్కే ముందు అమ్మాయి ప్రతిదీ ముట్టి చూసింది. గొట్టం దగ్గర నా చేయి కూడా పట్టుకుని పెట్టించింది. బెల్టు బిగించి, చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టింది. మొరం నేల మీద విమానం ఉరుకుతుంటే మా బండి కుదుపే నయమనిపించింది. ఇంతలో కుదుపు ఆగిపోయింది. నేల కిందికి పోయింది. ఆమె ముల్లు వైపు వేలు చూపించింది. కదులుతోంది.

గుట్టలు ముడతలు పడ్డ గుడ్డలా కనిపించాయి. టేకు ఆకులు పండబారి అడవంతా పసుపు, ఎరుపు కలిసి ఉంది. పత్తి చేన్లలో ఆడవాళ్లు తలలెత్తి చూస్తున్నారు, ఒకామె చీర కొంగు ఊపింది. రెండు రోజుల కిందట గంటల తరబడి ఎక్కిన ఘాట్ రోడ్డు అంతా నా అరచేతి కిందికి వచ్చింది. భయం ఎప్పుడు పోయిందో తెలియదు. చర్చిలో పాడే పాట ఒకటి నోట్లో ఆడుతోంది.

"అక్కా, గట్టిగ పాడు. నాకు వినబడ్తున్నది" అంది ఆమె చెవిలో.

గోదావరి దగ్గరికి వచ్చేసరికి ఆమె మాటలు మొదలుపెట్టింది. ఇసుక తిన్నెల మధ్య నీళ్లు మూడు పాయలుగా చీలి మెరుస్తున్నాయి. ఎడమ వైపు దూరంగా నల్లటి మట్టి గుట్టలు, వాటి మీద ధూళి. "గా దిక్కే శ్రీరాంపూర్. మా బాపు గాడనే చేసేటోడు. మా క్వార్టర్ గీడికెల్లి కనబడది" అంటూ బడి, సైకిలు, తోటిపిల్లలు, అన్నీ చెప్పింది. చేతులు తమ పని తాము చేసుకుంటున్నాయి. దిగేటప్పుడు మాత్రం మాటలు ఆపేసింది. చక్రాలు తాకాయి, మళ్లీ లేవలేదు. పాత రన్‌వే మీద నెమ్మదిగా పోయి, మలుపు తిరిగి ఆగాక, ఆమె ఇంజన్ ఆపి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"దింపిన" అంది.

"దింపినవ్ బిడ్డా" అన్నాను.

గంటలోపే వచ్చేశాం మేము. వంట సామానంతా మా ఆయనతో రోడ్డు మీద ఉంది. ఆయన రావడానికి ఇంకా మూడు, నాలుగు గంటలు పడుతుంది. మిగతా ఆరుగురు ఆకలితో రెక్కల నీడన కూర్చున్నారు. నేనూ అమ్మాయీ దగ్గరున్న ఊరికి నడిచాం. మొదటి ఇంటి ముందు ఒకామె మొక్కజొన్నలు ఆరబోస్తోంది. సంగతి చెబితే లోపలికి పిలిచి, ముందు మా ఇద్దరికీ అన్నం, పప్పుచారు పెట్టింది. మిగతావాళ్ల కోసం పొయ్యి మీద మళ్లీ ఎసరు పెట్టి, గిన్నెడు కూర వండింది.

"గా విమానాలు నడిపేటోళ్లు మీరేనా? భయం కాదా?" అని అడిగింది.

అమ్మాయి అన్నం కలుపుతూ, "నిన్న మస్తు భయమైంది అత్తమ్మా. ఒక టోపీ తియ్యకుండనే లేపిన" అని మొదలుపెట్టి, జరిగిందంతా చెప్పింది. తనదెంతో, నాదెంతో ఏదీ దాచలేదు. పక్కింటి వాళ్ల గురించి చెబుతున్నంత తేలిగ్గా చెప్పింది. ఇంటామె చెంపన చెయ్యి పెట్టుకుని వింది. నేను నా వంతు వచ్చినప్పుడు నడుమ నడుమ అందుకున్నాను. మెతుకులు చేతికే ఎండిపోయాయి.

అంతా విని ఆమె కూరగిన్నె మీద మూత పెట్టింది.

"నన్ను గూడ ఒకసారి ఎక్కిస్తరా?"

అమ్మాయి నా వైపు చూసి, చేయి కడుక్కుని లేచింది. "సార్‌ను అడుగుదాం, దా అత్తమ్మా."

ఆమె మొక్కజొన్నల మీద పాత చీర కప్పి, కూరగిన్నె నడుముకెత్తుకుంది. అన్నం గిన్నె మేమిద్దరం చెరో వైపు పట్టుకున్నాం. రన్‌వే దాకా ఆమె మా కన్నా ముందే, వెనక్కి చూడకుండా, గబగబా నడిచింది.